జార్జ్ బిజే

ప్యారిస్ నగరమున ఒక ఇంటిలో సంగీతపాఠములు జరుగుచుండెడివి. పాఠములు చెప్పునాతని పేరు అడాల్ఫ్ బిజే. ఆతడు తొలుత జుట్టు కత్తిరించుచు, పెట్టుడు జుట్టు అల్లుచు జీవించినవాడు. పాఠశాలకు పోయి శాస్త్రము అభ్యసింపకున్నను, సంగీతముపై గల మక్కువచే ఆ విద్యను సాధించి, కడకు గానము నేర్పు గురువయ్యెను. ఆతని భార్య ఎమే పియానో వాయించుటలో నేర్పరి. శిష్యులు గదిలో పాడుచుండగా వారి కుమారుడు తలుపునకు వెలుపల నిలిచి వినుచుండెడివాడు. లోపలివారు కష్టించి నేర్చుకొనుచున్న పాటను వెలుపలివాడు విని, జ్ఞాపకముంచుకొని, తప్పులేక పాడెడివాడు. అంతేకాదు, ఆ పాటలో స్వరములు ఒకదానితో ఒకటి కలిసిన తీరును సహితము గుర్తింపగలిగెడివాడు. ఇది గమనించిన తండ్రి ఆశ్చర్యపడి, కుమారుని తలుపు లోపలికి పిలిచెను.

ఆ బాలుడు 1838 అక్టోబరు 25వ తేదీన జన్మించెను. తల్లిదండ్రులు జననపత్రమున ఆతనికి అలెగ్జాండర్, సీజర్, లియొపోల్డ్ అని మువ్వురు ప్రభువుల పేర్లు కలిపి వ్రాయించిరి. అంత బరువైన నామములు వాడుకలోనికి రాలేదు. జ్ఞానస్నానమునాడు పెట్టిన జార్జ్ అను చిన్న పేరే ఆతనికి నిలిచెను.

ప్యారిస్‌లోని కన్సర్వేటరీ యను సంగీత కళాశాలలో ఆనాడు సాధారణముగ పదేండ్లు నిండనివారిని చేర్చుకొనెడివారు కారు. జార్జ్‌కు పదేండ్లు నిండుటకు ఇంకను రెండు వారములుండగనే, 1848 అక్టోబరు 9న, ఆ కళాశాల ఆతనికి ప్రవేశమిచ్చెను. ఆరు మాసములు గడవకముందే స్వరపఠనమున ఆతనికి ప్రథమ బహుమానము లభించెను. పిమ్మట పియానోలోను, ఆర్గన్ వాద్యములోను బహుమానములు వచ్చెను. సంగీతరచన నేర్పిన గురువు హలేవీ. గూనో అను మరియొక ప్రసిద్ధ విద్వాంసుడు ఆ బాలునియందు మిక్కిలి ప్రీతి కలిగి, పలుమారులు తన రచనలకు ప్రతులు వ్రాయుట మొదలగు పనులు అప్పగించుచుండెను. పెద్దల పనులు చేయుచునే చిన్నవాడు విద్య నేర్చుకొనుచుండెను.

1855లో, పదునేడేండ్లు నిండిన కొలది దినములకు, జార్జ్ ఒక సింఫొనీ రచింపనారంభించి, ఒక మాసములోపల పూర్తిచేసెను. సింఫొనీ యనగా పెద్ద వాద్యబృందము వాయించుటకై నాలుగు భాగములుగా కూర్చిన రచన. పదునేడేండ్ల బాలుడు వ్రాసినదని చెప్పినగాని నమ్మలేనంత పరిణతి అందు కలదు. కాని గూనో రచించిన సింఫొనీని అది పోలియున్నదని సంకోచించెనో, మరేమో, బిజే దానిని ఎన్నడును ఎవరిచేతను వాయింపింపలేదు. ఆ కాగితములు ఒక మూల పడియుండెను. వాని సంగతి మరల వచ్చును.

1857లో ఆతడు రోము బహుమానమును గెలిచెను. ఇది ఆనాడు ఫ్రెంచి ప్రభుత్వము యువకళాకారులకిచ్చుచుండిన గొప్ప బహుమానము. గెలిచినవారు రోము నగరమున మెడిచి భవనమునందుండి, తిండికిని వసతికిని చింత లేక, తమ కళను సాధన చేయుచుండెడివారు. బిజే అచట మూడేండ్లకు దగ్గరగా గడపెను. ఆతని జీవితమున నిశ్చింతగా గడచిన కాలము అంతమాత్రమే. 1860లో తల్లి జబ్బుపడినదని తెలిసి ఆతడు ప్యారిస్‌కు తిరిగివచ్చెను. మరుసటి సంవత్సరమున ఆమె మరణించెను.

ఆ 1861లోనే గురువగు హలేవీ యింట ఒక విందు జరిగెను. ఆనాడు యూరపునందు పియానో వాయించువారిలో మేటియని పేరొందిన ఫ్రాంజ్ లిస్ట్ ఆ విందునకు వచ్చెను. ఆయన మిక్కిలి కఠినమైన తన నూతనరచన నొకదానిని వాయించి, దీనిని తప్పులేక వాయింపగలవారు యూరపులో ఇద్దరే కలరనియు, వారిలో తానొకడననియు పలికెనట. హలేవీ బిజేను పిలిచి, అందులోని ఒక ఘట్టము జ్ఞాపకమున్నదా యని అడిగెను. బిజే పియానో ముందు కూర్చుండి, విన్న ఘట్టమును విన్నట్లే వాయించెను. లిస్ట్ విస్మయము చెంది వ్రాతప్రతిని ఆతని ముందుంచగా, బిజే దానినంతను మొదటిచూపుననే తడబాటు లేక వాయించెను. అంతటి నేర్పు గలవాడు సభలలో పియానో వాయించుచు తిరిగినచో ధనమునకు కొదువ యుండెడిది కాదు. కాని బిజేకు ఆ మార్గము రుచింపలేదు. ఆతని మనస్సు నాటకశాలపై నుండెను.

ఆపెరా యనునది సంగీతనాటకము. తెలుగు పద్యనాటకములందు నటుడు మాటలాడుచు మాటలాడుచు పద్యమెత్తుకొని రాగము సాగించును గదా. ఆపెరాలో పద్యమువంటి పాటయే ప్రధానము. పాత్రలు తమ కోపమును, ప్రేమను, భయమును పాడియే తెలుపుదురు. రంగస్థలమునకు ముందు పల్లములో కూర్చున్న వాద్యబృందము కథను ఆద్యంతము నడుపుచుండును. ఆ కాలమున ప్యారిస్‌లో సంగీతరచయితకు పేరు రావలెనన్న ఆపెరా ఒక్కటే మార్గము. అయితే నాటకశాలల అధిపతులు పేరుగాంచిన వారి పాత రచనలనే మరల మరల ఆడించుచు, క్రొత్తవారికి తలుపులు తెరువకుండిరి.

1863 సెప్టెంబరు 30న బిజే రచించిన ‘ముత్యముల జాలరులు’ అను ఆపెరా ప్రదర్శింపబడెను. దాని కథ సింహళద్వీపమున జరుగును. సముద్రములో మునిగి ముత్యములు తెచ్చు జాలరులు, వారి క్షేమమునకై ప్రార్థించు లైలా అను పూజారిణి, ఆమెను ప్రేమించిన ఇద్దరు మిత్రులు అందలి పాత్రలు. ఒక ఘట్టమున బృందమంతయు బ్రహ్మదేవుని స్తుతించుచు పాడును. సింహళమును గాని భారతదేశమును గాని ఎన్నడును చూడని ఇరువదినాలుగేండ్ల యువకుడు ప్యారిస్‌లో కూర్చుండి ఊహించిన తూర్పుదేశమది; ఆ ఊహ నిజమునకు ఎంత దూరమైనను, మిత్రులిద్దరును కలసి పాడు పాట మాత్రము నేటికిని ఆపెరా ప్రపంచమున అత్యంత ప్రియమైన వానిలో ఒకటిగా నిలిచియున్నది. ప్రేక్షకులు ఆదరించిరి గాని పత్రికలు కటువుగా విమర్శించెను. బెర్లియో అను గొప్ప రచయిత ఒక్కడు మెచ్చి వ్రాసెను. 18 ప్రదర్శనములతో అది ఆగిపోయెను. బిజే జీవించియుండగా మరల దానిని ఆడలేదు.

తరువాతి సంవత్సరములు గానుగెద్దు బ్రతుకువంటివి. గ్రంథప్రచురణకర్తలు ఇతరుల ఆపెరాలను తెచ్చియిత్తురు. వానిని పియానోపై వాయించుటకు వీలుగా తిరుగవ్రాసి ఇయ్యవలెను. అచ్చుతప్పులు దిద్దవలెను. పిల్లలకు పాఠములు చెప్పవలెను. దినమునకు పదునైదు, పదునారు గంటలు ఆతడు ఇట్టి పనులలో మునిగియుండెడివాడు. తన సొంతరచనకు మిగిలినది రాత్రివేళ మాత్రమే. 1867లో మరియొక ఆపెరా రంగమెక్కెను. అదియు 18 ప్రదర్శనములతోనే ముగిసెను. చిన్నతనమునుండియు ఆతనిని బాధించుచున్న గొంతునొప్పి ఈ శ్రమవలన ముదిరెను.

1869 జూన్ 3న బిజే తన గురువగు హలేవీ కుమార్తె జెనెవీవ్‌ను వివాహమాడెను. గురువు అప్పటికే కాలధర్మము చెందియుండెను. మరుసటి యేడు ఫ్రాన్సు దేశమునకును ప్రష్యాకును యుద్ధము సంభవించెను. బిజే పౌరసైన్యమున చేరి తుపాకి పట్టెను. శత్రువులు ప్యారిస్‌ను ముట్టడించి నెలలకొలది ఆహారము రానీయకుండిరి. ఆకలియు, చలియు, అపజయమును నగరము అనుభవించెను.

ఆ దుర్దినములు గడచిన 1871లోనే బిజే ‘పిల్లల ఆటలు’ అను రచన చేసెను. ఇద్దరు ఒకే పియానో వద్ద ప్రక్కప్రక్కన కూర్చుండి వాయించు పండ్రెండు చిన్న ఖండికలు అందున్నవి. ఒక్కొక్క ఖండికకు ఒక్కొక్క ఆట పేరు. ఉయ్యాల యున్నది, బొంగరము గిరగిర తిరిగి, తూగి, పడిపోవును, సబ్బుబుడగలు తేలిపోవును, కళ్లకు గంతలు కట్టుకొను ఆట యున్నది, ఒంగినవాని వీపు మీదుగ దూకు ఆట యున్నది, బొమ్మను జోకొట్టు పాట యున్నది. తెలుగు పిల్లలు నాలుగు స్తంభములాట యని ఆడుకొనునట్టి ఆటయు అందు ఒకటి. యుద్ధమును చూచి వచ్చినవాని చేతినుండి ఇంత తేలికయైన సంగీతము వెలువడుట వింతయే.

1872లో దోదే అను రచయిత నాటకమునకు బిజే సంగీతము కూర్చెను. ఆ నాటకశాల ఇచ్చిన వాద్యగాండ్రు 26 మంది మాత్రమే. ఆ కొద్దిమందితోనే ఆతడు అద్భుతములు చేసెను. నాటకము నిలువలేదు, కాని అందలి సంగీతమును కొంత ఏర్చి కచేరీలో వాయింపగా సభ హర్షించెను. అంతటితో ఆతనికి ధైర్యము కలిగెను.

ప్యారిస్‌లోని ఆపెరా-కోమిక్ అను నాటకశాలవారు అదే కాలమున ఆతనిని ఒక క్రొత్త ఆపెరా వ్రాయుమని కోరిరి. ఆ నాటకశాల పద్ధతి వేరు. అచట పాటల నడుమ మాటలుండును, కథలు సుఖాంతములు. మర్యాదగల కుటుంబములవారు పిల్లలను వెంటబెట్టుకొని వత్తురు. పెండ్లిచూపులు సహితము అచటనే జరుగుచుండెను. అందుకై ప్రత్యేకముగ కొన్ని ఆసనములు ముందుగనే కొనబడుచుండెను. అట్టి చోటికి బిజే ఏరుకొన్న కథ మెరిమే యను రచయిత వ్రాసిన ‘కార్మెన్’.

స్పెయిను దేశమునందలి సెవిల్ పట్టణమున చుట్టలు చుట్టు కర్మాగారములో పనిచేయు జిప్సీ యువతి కార్మెన్. ఆమె ఎవరి ఆజ్ఞకును లొంగదు. హొసే అను సైనికుడు ఆమెకై ఉద్యోగధర్మమును విడిచి, దొంగసరుకులు రవాణా చేయు ముఠాలో చేరును. కొంతకాలమునకు ఆమె మనస్సు మారి, ఎస్కమీయో అను వీరునిపై నిలుచును. స్పెయిను దేశమున వేలాది జనుల యెదుట ఎద్దుతో పోరాడు వీరుని టొరెయడోర్ అందురు. ఎస్కమీయో అట్టివాడు. కడపట పోరాటరంగము వెలుపల హొసే కార్మెన్‌ను నిలువరించి, రమ్మని బ్రతిమాలును, ఆమె తిరస్కరించును, ఆతడు ఆమెను పొడిచి చంపును.

ఈ కథ వినగానే నాటకశాల అధిపతులిద్దరిలో ఒకరగు దె ల్యూవెన్ కలవరపడెను. పెండ్లిచూపులకు వచ్చువారి ముందు హత్యయా? అంతము మార్పుమని ఆయన వేడుకొనెను. మార్పు జరుగలేదు. కొంతకాలమునకు ఆయన పదవినుండి తప్పుకొనెను. ఈ ఆపెరాయు అందులకొక కారణమని చెప్పుదురు.

1874 శరత్కాలమున అభ్యాసములు ఆరంభమయ్యెను. కష్టములును అపుడే ఆరంభమయ్యెను. బృందగానము పాడు స్త్రీలు అంతవరకు వరుసలుగా నిలిచి పాడుటయే ఎరిగినవారు. బిజే వారిని చుట్టలు కాల్చుచు, పోట్లాడుకొనుచు, పరుగిడుచు పాడుమనెను. వాద్యగాండ్రు కొన్ని ఘట్టములు వాయించుటకు శక్యము గాదనిరి. అధికారులు ఇది మార్పుడు, అది తగ్గింపుడు అని పట్టుబట్టిరి. అపుడు కార్మెన్ పాత్రధారిణి గాలీ-మారియేయు, హొసే పాత్రధారియు బిజే పక్షము వహించి, మార్చినచో తాము పాడమని తెగేసి చెప్పిరి. అయితే ఆ గాయని తన మొదటి పాట విషయమున మాత్రము సులభముగ తృప్తి చెందలేదు. బిజే దానిని పదుమూడు మారులు వ్రాసెనని వాడుక. కడకు ఒక స్పానిష్ పాట వరుసను జానపదగేయమని తలచి గ్రహించి, తన రీతిని మలచెను. అది ఇరాదియే అను రచయితదని పిదప తెలియగా, ఆ సంగతిని అచ్చుప్రతిలో స్పష్టముగ ప్రకటించెను.

టొరెయడోర్ పాట సంగతి వేరు. ఎస్కమీయో తన పరాక్రమమును తానే వర్ణించుకొనుచు పాడు పాట యది. కాలు నేలపై తాళము వేయక నిలువనియ్యని నడక దానిది. ఇట్టి గర్వపు పాట బిజేకు అంతగా నచ్చలేదనియు, జనులకు కావలసినది ఇదియే గనుక ఇచ్చెదనని విసుగుతో వ్రాసెననియు ఒక కథ కలదు. ఆ కథ ఎట్లున్నను, ఆ పాటను ఆతడు వాడుకొన్న తీరు మాత్రము విసుగుతో చేసినది కాదు. తెర లేవకముందే వాద్యబృందము దానిని వినిపించును. రెండవ అంకమున ఎస్కమీయో దానిని పాడును. కడపటి దృశ్యమున అది మరల వచ్చును. రంగస్థలముపై హొసేయు కార్మెనును ఒంటరిగ నున్నారు. గోడకావల పోరాటరంగమున జనులు జయజయధ్వానములు సలుపుచు అదే పాటను పాడుచుందురు. లోపల ఉత్సవము, వెలుపల కత్తి. ఏడ్పు సంగీతముతో చూపదగిన మరణమును బిజే ఉత్సవసంగీతము నడుమ చూపెను. వినువానికి ఆ సంతోషపు పాటయే భయము గొలుపును.

1875 మార్చి 3న మొదటి ప్రదర్శనము జరిగెను. ఆనాడే ప్రభుత్వము బిజేకు గౌరవబిరుదము ప్రకటించెను. మొదటి అంకము ముగియగా కరతాళధ్వనులు మ్రోగెను. రెండవ అంకమున టొరెయడోర్ పాట వరకు సభ ఉత్సాహముగనే యుండెను. అటుపిమ్మట చల్లబడెను. మూడవ అంకమునకు మరింత చల్లబడెను. నాలుగవ అంకము ముగిసి కార్మెన్ నేలకొరగునప్పటికి సభ మంచుగడ్డవలె నుండెను. మిత్రులు కొందరు మాత్రము రంగస్థలము వెనుకకు వచ్చి, ఏమి చెప్పుటయో తెలియక నిలిచిరి.

మరునాడు పత్రికలు మండిపడెను. కథ నీతిబాహ్యమని కొందరు, సంగీతమున మధురమైన వరుసలే లేవని మరికొందరు వ్రాసిరి. నేడు ప్రపంచమున వీధివీధిని ఈలవేయుచు పోవువారికి సహితము తెలిసిన వరుసలు గల రచననుగూర్చి ఆనాటి పండితుల తీర్పు అది! ప్రదర్శనములు సాగెను గాని కుర్చీలు సగము ఖాళీగ నుండెడివి. తన రచన తీరని అపజయమని బిజే నమ్మెను.

గొంతునొప్పి మరల తిరుగబెట్టెను. మే మాసాంతమున ఆతడు కుటుంబముతో సీన్ నది యొడ్డుననున్న బూజివాల్ గ్రామమునకు పోయెను. అచట నదిలో ఈదుట యనిన ఆతనికి ప్రీతి. ఈది వచ్చిన పిదప జ్వరము తగిలి, గుండెనొప్పి పొడసూపెను. 1875 జూన్ 3వ తేదీ తెల్లవారకముందే జార్జ్ బిజే మరణించెను. ఆయన వయస్సు 36 సంవత్సరములు. వివాహమై ఆనాటికి సరిగా ఆరేండ్లు. కుమారుడు జాక్ మూడేండ్లు నిండనివాడు. ప్యారిస్‌లో జరిగిన అంత్యక్రియలకు నాలుగువేలకు పైగా జనులు వచ్చిరి. ఆ రాత్రి నాటకశాలలో కార్మెన్ ప్రదర్శించిరి. మూడునెలలక్రితము నిందించిన పత్రికలు ఇపుడు ఆయనను మహారచయితయని కొనియాడెను.

అదే సంవత్సరము అక్టోబరులో కార్మెన్ వియన్నా నగరమున ఆడబడెను. బిజే ప్రియమిత్రుడు గిరో మాటలున్న చోట్ల సంగీతము కూర్చి, ఇతరదేశములలో ఆడుటకు అనుకూలముగ చేసెను. వియన్నా ప్రజలు దానిని నెత్తిన పెట్టుకొనిరి. అటనుండి అది దేశదేశములకు ప్రాకెను. రష్యా సంగీతకారుడు చైకోవ్స్కీ 1876లో ప్యారిస్‌లో దానిని చూచి ముగ్ధుడై, పదియేండ్లలో లోకమున ఇంతకంటె ప్రియమైన ఆపెరా యుండదని పిమ్మట ఒక లేఖలో వ్రాసెను. ఆయన మాట తప్పిపోలేదు. 1883లో ప్యారిస్ మరల కార్మెన్‌ను ఆహ్వానించెను. 1904 నాటికి ఆపెరా-కోమిక్ వారే వేయవ ప్రదర్శనము జరిపిరి. మూలబడిన సింఫొనీ కాగితములు 1933లో కన్సర్వేటరీ గ్రంథాలయమున బయటపడెను. 1935లో స్విట్జర్లండులోని బాసెల్ నగరమున దానిని తొలిసారి వాయించిరి. పదునేడేండ్ల బాలుడు వ్రాసినది లోకము వినుటకు ఎనుబది యేండ్లు పట్టెను.

బిజే సంగీతము నాటకశాలలలోను, కచేరీలలోను నిలిచిపోయియుండిన అది ఇతర మహారచయితల కథవంటిదే యగును. కాని ఇరువదవ శతాబ్ది చివర దానికి మరియొక ద్వారము తెరచుకొనెను. అది వీడియో ఆటల ద్వారము.

తొలినాటి ఆటయంత్రములలో పాటను ధ్వనిముద్రణ చేసి దాచుటకు చోటు చాలదు. ఏ స్వరము, ఎంతసేపు అను లెక్కలను మాత్రమే దాచి, యంత్రముచేత అప్పటికప్పుడు ధ్వని పుట్టింతురు. నింటెండో సంస్థవారి ప్రసిద్ధయంత్రమునకు ఏకకాలమున పలుకగల గొంతులు అయిదే. వానిలో స్వరములు పాడునవి మూడు. ఒకటి గరగరలాడు చప్పుడునకు. ఇంకొకటి ముందుగా దాచిన చిన్న ధ్వనిముక్కలకు. నాటకశాలలో పెద్ద వాద్యబృందము పలికించు సంగీతమును ఈ కొద్ది గొంతులలో ఇమిడ్చినను చెడకుండవలెనన్న, వరుసయందే బలముండవలెను. బిజే వరుసలకు ఆ బలము కలదు. మరియొక కారణమును కలదు. రచయిత మరణించిన పిదప చట్టము విధించిన గడువు తీరినచో ఆతని కృతి సర్వజనుల సొత్తగును. భారతదేశమున ఆ గడువు 60 సంవత్సరములు. బిజే మరణించి అంతకు దాదాపు రెండింతల కాలము గడచియుండెను గనుక, ఆయన పాటను ఎవరైనను, ఎవరి అనుమతియు కోరకయే, వాడుకొనవచ్చును.

1984లో మాస్కో నగరమున సోవియట్ శాస్త్రపరిషత్తుకు చెందిన కంప్యూటరు కేంద్రములో అలెక్సీ పజిత్నోవ్ అను ఉద్యోగి టెట్రిస్ అను ఆటను కల్పించెను. నాలుగేసి గడులు గల ముక్కలు పైనుండి రాలుచుండును. వానిని త్రిప్పి అమర్చి వరుస నిండించినచో ఆ వరుస మాయమగును. 1989లో నింటెండోవారు తమ యంత్రమునకై దీనిని సిద్ధపరచినపుడు హిరోకజు తనాకా అను జపాను సంగీతకారుడు సంగీతము కూర్చెను. అందు ఒక పద్ధతిలో 25 వరుసలను పూర్తిచేయవలెను. కఠినమైన స్థాయిలో ఆ పని సాధించినవారికి మాస్కోలోని గుమ్మటముల చర్చి బొమ్మ ముందు నింటెండో పాత్రలన్నియు చేరి ఆడిపాడు దృశ్యము కానవచ్చును. అపుడు మ్రోగునది కార్మెన్ ఆరంభమునందలి టొరెయడోర్ సంగీతము. ఆట జరుగుచున్నంతసేపు వినదగిన వరుసలలో ఒకటి చైకోవ్స్కీ నృత్యనాటకము లోనిది. ప్యారిస్ నాటకశాలలో ఒకనాడు ఒకరి రచన విని మరియొకరు మురిసిన ఆ ఇద్దరి సంగీతమును నూరేండ్లు గడచిన పిదప ఒకే ఆటలో చేరెను.

ఇందు వినబడునది విజయగీతము. ఎస్కమీయో పాడినదియు విజయగీతమే. కాని ఆ పాటకు కడపటి అంకమునందలి రెండవ ముఖమును గలదు గదా. అదియు వీడియో ఆటలలోనికి వచ్చెను.

2014లో అమెరికా దేశస్థుడు స్కాట్ కాథన్ ‘ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్’ అను ఆటను విడుదల చేసెను. ఆడువాడు ఒక భోజనశాలకు రాత్రికాపలావాడు. పగలు పిల్లలకు వినోదము గూర్చు మరబొమ్మలు రాత్రివేళ లేచి తిరుగును. అర్ధరాత్రి మొదలు ఉదయము ఆరుగంటల వరకు వానికి చిక్కకుండ గది కాపాడుకొనవలెను. తలుపులు మూయవచ్చును, దీపము వేయవచ్చును, కెమెరాలో చూడవచ్చును. కాని ప్రతిదానికిని విద్యుత్తు వ్యయమగును. విద్యుత్తుకు పరిమితి కలదు. భయపడి తొందరగ వాడుకొన్నవానికి తెల్లవారకముందే అది అయిపోవును.

అపుడు దీపములన్నియు ఆరిపోవును. క్షణకాలము నిశ్శబ్దము. ఎడమవైపు తలుపులో ఫ్రెడ్డీ అను ఎలుగుబంటి బొమ్మ ముఖము మినుకుమినుకుమనుచు కానవచ్చును. కీ యిచ్చిన పెట్టెలోనుండి వచ్చు సన్నని గంటలనాదమువలె ఒక పాట ఆరంభమగును. అది టొరెయడోర్ పాట. పిల్లల బొమ్మపెట్టె పాటవలె తీయగ, నెమ్మదిగ సాగును. కాథన్ కార్మెన్ కడపటి దృశ్యమును తలచి దీనిని ఏరెనో లేదో గాని, 1875లో ప్యారిస్ సభ వినిన వింత ఇచట మరల జరుగును. పాట సంతోషముగ నుండును. వినువానికి గుండె దడదడలాడును. ఆ ఆటను ఆడిన లక్షలాది బాలబాలికలకు బిజే పేరు తెలియకపోవచ్చును. ఆ వరుసలో నాలుగు స్వరములు వినిపించినచో చాలును, గుర్తుపట్టుదురు.

ఆ పాట ఎంతసేపు సాగునో ముందుగ తెలియదు. ఒక్కొక్కమారు త్వరగ ముగియును, ఒక్కొక్కమారు సాగును. ముగిసినపిదప చీకటిలో ఆ బొమ్మ మీదికి దూకును. కాని పాట సాగుచుండగనే గడియారము ఆరు కొట్టినచో ఆడువాడు బ్రతికిపోవును. అందుచే ఆ చీకటిగదిలో ఆతడు చేయగలిగినది ఒక్కటే: బిజే పాట ఇంకను కొంతసేపు ముగియకుండవలెనని కోరుచు, ఊపిరి బిగబట్టి, చెవియొగ్గి వినుచుండుట.